కథ అయింది, పుస్తకం ఎప్పుడవుతుంది?

(బాల సాహిత్య కార్యశాలలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే మొహమాటపడకండి, చెయ్యి ఎత్తండి.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీలో టీచర్లు ఎంతమంది? ఆ... సగానికి పైనే ఉన్నారు. మంచిది. తెలుగులో పిల్లల కోసం రాసేవాళ్లలో టీచర్లు ఎప్పుడూ ఎక్కువే. పిల్లల మధ్య రోజంతా గడిపేవాళ్లు రాయడం మనకు పెద్ద బలం. ఇంకో ప్రశ్న. రాసి పెట్టుకుని, ఇంకా పుస్తకంగా రాని కథలు ఎంతమంది దగ్గర ఉన్నాయి? చూశారా, దాదాపు అందరూ చేతులెత్తారు.

అంటే మనకు కథల కొరత లేదు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను, మనకు కథల కొరత లేదు. కొరత ఎక్కడుందంటే, కథ రాయడం అయ్యాక, అది పుస్తకమై పిల్లవాడి చేతిలోకి వెళ్లేలోపు జరగాల్సిన పని దగ్గర. కథను తిద్దేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, పేజీలు పెట్టేవాళ్లు, అచ్చు, అమ్మకం. ఇదంతా ఎవరో చూసుకుంటారులే అని రచయిత పక్కకు తప్పుకుంటాడు. కానీ పిల్లల పుస్తకం విషయంలో సగం పుస్తకం అక్కడే తయారవుతుంది. ఆ పని తెలియకుండా మనం బాగా రాయలేం కూడా. ఇవాళ నేను చెప్పబోయేది ఇదే.

చందమామ పేరు ఎత్తకుండా ఇలాంటి సభ జరగదు. నేనూ ఎత్తుతాను. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు మొదలుపెట్టారు. తెలుగు, తమిళం రెండింటితో మొదలై తర్వాత చాలా భాషలకు వెళ్లింది. చందమామ అనగానే మనకు బేతాళ కథలు గుర్తొస్తాయి, వపా (వడ్డాది పాపయ్య) గారి ముఖచిత్రాలు గుర్తొస్తాయి, చిత్రా గారు, శంకర్ గారు వేసిన బొమ్మలు గుర్తొస్తాయి. కానీ నేను గుర్తు చేయాలనుకుంటున్నది ఆ పత్రికలో జరిగిన సంపాదకత్వం. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా అక్కడ పనిచేశారు. అప్పటికే పేరున్న రచయిత. పెద్దలకు నవలలు, కథలు, వ్యాసాలు రాసిన మనిషి. ఆయన దాదాపు ముప్ఫై ఏళ్లు ఎవరెవరో పంపిన కథలను కూర్చుని తిరగరాశారు. వాటి మీద ఆయన పేరు ఉండేది కాదు. ఆ కథల్లో వాక్యం చూడండి ఎలా ఉంటుందో. చిన్నది, తేటగా ఉంటుంది, ఎక్కడా తడబడదు. అన్ని వందల మంది రాసిన కథలు ఒకే గొంతుతో వినిపించడం దానంతట అది జరగలేదు కదా? ఒక మనిషి రోజూ ఆఫీసుకు వెళ్లి చేసిన పని అది.

ఇప్పుడు చెప్పండి. మన పిల్లల పుస్తకాల్లో ఎన్నింటికి అలాంటి ఎడిటర్ ఉన్నారు? ప్రూఫులు దిద్దేవాళ్ల గురించి అడగడం లేదు. ఎడిటర్ గురించి అడుగుతున్నాను. "ఈ పేరా తీసేద్దాం, ఇక్కడ అమ్మాయి ఎందుకు ఏడ్చిందో నాకు అర్థం కాలేదు, మళ్లీ రాయండి" అని చెప్పేవాళ్లు. చాలా పుస్తకాల్లో రచయితే రాసి, తనే దిద్దుకుని, తన డబ్బుతోనే అచ్చు వేసుకుంటున్నారు. వాళ్ల కష్టం నాకు తెలుసు, ఆ కష్టం మీద నాకు గౌరవం ఉంది. కానీ పిల్లవాడికి ఆ కష్టం కనిపించదు కదా. వాడికి పేజీ కనిపిస్తుంది.

చందమామ కంటే ముందు, 1945లో, మద్రాసు నుంచే 'బాల' పత్రిక వచ్చింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడిపారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే పెద్దవాళ్లకు తెలుస్తుంది. వాళ్లు రేడియోలో పిల్లల కార్యక్రమం చేసేవాళ్లు. పిల్లలు వాళ్ల చుట్టూ కూర్చుని పాడేవాళ్లు, మాట్లాడేవాళ్లు. పిల్లల నోట ఏ మాట పలుకుతుందో, ఏది పలకదో వాళ్లకు అక్కడికక్కడే తెలిసిపోయేది. మనకు రేడియో లేకపోయినా ఆ పద్ధతి ఉంది. కథ పూర్తవగానే గట్టిగా చదవండి. మనసులో కాదు, గట్టిగా. మీకు ఎక్కడ ఊపిరి ఆగుతుందో పిల్లవాడికి అక్కడ చదవడమే ఆగిపోతుంది.

ఇక్కడ తెలుగుకు సంబంధించిన విషయాలు కొన్ని చెప్పాలి. ఇవి ఇంగ్లీషులో ఉన్న రచనా పాఠాల్లో మనకు దొరకవు. మనమే తేల్చుకోవాలి.

మొదటిది ఒత్తులు. చిన్నపిల్లల పుస్తకంలో ఒత్తులు ఉండకూడదని ఒక నియమం చాలామంది చెబుతారు. సరే, ఒత్తులు లేకుండా అమ్మను రాయండి. నాన్నను రాయండి. అక్క, అన్న, తాతయ్య, అవ్వ... పిల్లలు మొదట నేర్చుకునే మాటల్లోనే ఒత్తులున్నాయి. ఒక అక్షరానికి అదే ఒత్తు పడితే పిల్లలు తొందరగా పట్టుకుంటారు. వాళ్లను ఆపేది వేరే ఒత్తు పడిన మాటలు, ముఖ్యంగా రెండేసి ఒత్తులున్నవి. రాష్ట్రం, స్త్రీ లాంటివి. అందుకని ఒత్తులన్నింటినీ వెళ్లగొట్టి, కథలో తల్లిని 'మాత' అని రాసిన రాతప్రతులు నా దగ్గరకు వచ్చాయి. ఏ పిల్లవాడు ఇంటికెళ్లి 'మాతా' అని పిలుస్తాడండీ?

రెండోది, మాటల పొడవు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పిల్లల కథలను ఉచితంగా చదువుకునే వెబ్‌సైటు స్టోరీవీవర్ మొదలుపెట్టారు, మీలో చాలామంది వాడే ఉంటారు. అందులో చదివే స్థాయిలు నాలుగు. మొదటి స్థాయి కథ 250 మాటలలోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, ఆ పైన నాలుగోది. మంచి ఏర్పాటే. కానీ ఈ లెక్కను తెలుగుకు పెట్టుకునేటప్పుడు జాగ్రత్త కావాలి. ఇంగ్లీషులో నాలుగైదు మాటలయ్యేది మనకు ఒక్క మాటగా కలిసిపోతుంది. 'వెళ్లిపోయిందనుకున్నాడు'. ఎన్ని మాటలు? లెక్కకు ఒక్కటే. రెండో తరగతి పిల్ల దాన్ని చదవడం ఎప్పుడైనా చూశారా? 'వెళ్లిపో' దాకా వస్తుంది, అక్కడ ఆగుతుంది, మళ్లీ వెనక్కి పోతుంది. అదే 'వెళ్లిపోయింది అనుకున్నాడు' అని విడదీసి రాస్తే చదివేస్తుంది. 'సీతెక్కడికెళ్లింది' అని మనం మాట్లాడతాం. కానీ కొత్తగా చదవడం నేర్చుకునే పిల్లకు 'సీత ఎక్కడికి వెళ్లింది' అని రాయాలి. కొంచెం పెద్దయ్యాక, నాలుగో తరగతికి వచ్చాక, మళ్లీ కలిపి రాయొచ్చు, అప్పుడు మాట్లాడే తీరు పేజీ మీదకు వస్తుంది. ఏ వయసు పుస్తకంలో సంధి ఎంతవరకు విడదీయాలి అన్నది ముందే ఒక నిర్ణయం తీసుకుని, పుస్తకం మొత్తం దాన్నే పాటించాలి. ఒక పేజీలో విడదీసి, ఇంకో పేజీలో కలిపితే పిల్లలు గందరగోళపడతారు.

మూడోది నాకు చాలా ఇష్టమైన విషయం. మన దగ్గర చప్పుళ్ల మాటలు, కదలికల మాటలు ఎన్ని ఉన్నాయో చూడండి. తుర్రున ఎగిరింది. చటుక్కున దాక్కుంది. దబ్బున పడింది. గబగబా తిన్నాడు. బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. ఒక్క మాటతో బొమ్మ కళ్లకు కడుతుంది. అవి వదిలేసి 'చాలా వేగంగా ఎగిరిపోయింది', 'అకస్మాత్తుగా దాక్కుంది' అని రాస్తున్నాం. ఎందుకు? పాఠ్యపుస్తకం భాష మన చేతికి అలవాటైపోయింది. పిల్లలకు గట్టిగా చదివి వినిపించండి, 'తుర్రున' దగ్గర వాళ్ల ముఖం చూడండి.

యాస గురించి తప్పకుండా అడుగుతారు, ముందే చెప్పేస్తాను. ఆదిలాబాద్ పిల్ల మాట్లాడితే ఆదిలాబాద్ పిల్లలాగే మాట్లాడాలి. శ్రీకాకుళం పిల్లాడు, కడప పిల్లాడు కూడా అంతే. సంభాషణల్లో అయితే నాకు ఏ సందేహమూ లేదు. కథ చెప్పే గొంతు కూడా యాసలో ఉండొచ్చు, అది రాసేవాళ్ల పట్టును బట్టి ఉంటుంది. కానీ ఒక పని మాత్రం చేయకండి. తెలివైన పాత్ర పుస్తకాల భాష మాట్లాడి, పనివాళ్లు, పల్లెటూరివాళ్లు మాత్రమే యాస మాట్లాడటం. ఆ యాస ఇంట్లో మాట్లాడే పిల్ల ఆ పుస్తకం చదివి తన గురించి ఏమనుకుంటుంది?

ఇప్పుడు నీతి సంగతి. ఇక్కడ కొందరికి నా మాట నచ్చకపోవచ్చు. చాలా కథల చివర ఒక పేరా ఉంటుంది. 'అప్పటి నుంచి రాము బుద్ధిగా చదువుకోసాగాడు.' 'తల్లిదండ్రుల మాట వినాలని గీత తెలుసుకుంది.' ఇది ఎవరి కోసం రాస్తున్నాం? పుస్తకం కొనేది పెద్దవాళ్లు, పోటీల్లో చదివేది పెద్దవాళ్లు, లైబ్రరీకి ఎంచేది పెద్దవాళ్లు. వాళ్లకు భరోసా ఇవ్వడానికి రాస్తున్నాం. కథలో జరిగినదాని నుంచి పిల్లలు తీసుకునేది వాళ్లు తీసుకుంటారు. రాము గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నాక మళ్లీ వేరే చెప్పాలా? మీ రాతప్రతుల్లో ఒక చిన్న పరీక్ష చేయండి. చివరి పేరా మీద చెయ్యి పెట్టి మూసేసి కథ చదవండి. కథ పూర్తయినట్టే ఉందంటే ఆ పేరా తీసేయండి. అసంపూర్తిగా అనిపిస్తే, లోపం పైన ఎక్కడో ఉంది, నీతి దాన్ని కప్పుతోంది.

పిల్లలకు వినిపించి చూడమన్నాను కదా. ఎలా చూడాలి? 'బాగుందా?' అని అడగకండి. టీచర్ అడిగితే యాభై మందీ 'బాగుంది సార్' అంటారు. వాళ్లను చూడండి. ఎక్కడ కిటికీ వైపు చూశారు? ఎక్కడ పక్కవాడితో మాట్లాడారు? ఎక్కడ బొమ్మ కోసం ముందుకు వంగారు? రాతప్రతి పక్కన అక్కడే ఒక గీత పెట్టుకోండి. మర్నాడు, ఆ కథ వినని పిల్లవాడిని తీసుకొచ్చి, విన్న పిల్లతో చెప్పించండి. ఆమె ఏది వదిలేసిందో అది మీ కథకు అక్కర్లేదేమో ఆలోచించండి. ఏది తను కల్పించి చెప్పిందో, అక్కడ మీరు రాయనిది ఏదో ఉండాలి.

ఇక బొమ్మల పుస్తకం. ఇక్కడ కాసేపు ఆగుదాం. ఎందుకంటే మన రచయితలు దాదాపు అందరూ ముందు కథ రాసేసి, తర్వాత బొమ్మలు 'వేయిస్తారు'. బొమ్మల పుస్తకం అలా రాదు.

లెక్క చెబుతాను, రాసుకోండి. మధ్యకు మడిచి సెంటర్ పిన్ కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగు గుణిజంలో ఉండాలి. ఒక ఫారం అంటే పదహారు పేజీలు, అది చవకగా వచ్చే లెక్క. అట్ట వేరు. పదహారులో మొదటి పేజీ టైటిల్‌కు, రెండోది ప్రచురణ వివరాలకు, పదహారోది రచయిత, చిత్రకారుల పరిచయానికి పోతాయి. కథకు మిగిలింది పదమూడు. మూడో పేజీ కుడివైపు ఒంటరిగా ఉంటుంది. తర్వాత 4-5, 6-7, అలా 14-15 దాకా ఆరు జతలు. అంటే కథ నడుస్తుండగా పిల్లలు పేజీ తిప్పేది ఆరుసార్లు. ఆరంటే ఆరు. ప్రతిసారీ తిప్పాలనిపించాలి. ఐదో పేజీ చివర ఒక ప్రశ్న ఉండాలి, ఒక భయం ఉండాలి, లేదా ఒక తోక మాత్రమే కనిపించాలి. ఆరో పేజీలో ఆ తోక ఎవరిదో తెలియాలి. రచయిత కథ రాసేటప్పుడే ఈ ఆరు చోట్లు చూసుకోవాలి. చిత్రకారుడి మీద వదిలేస్తే కుదరదు.

ఒక ఉదాహరణ. రాతప్రతి ఇలా మొదలవుతుంది అనుకోండి. 'అనగనగా ఒక ఊరిలో ఒక అందమైన చెరువు ఉండేది. ఆ చెరువు గట్టున ఒక పెద్ద మర్రిచెట్టు ఉండేది. ఆ చెట్టు కింద మల్లి అనే ఎనిమిదేళ్ల అమ్మాయి మేకలను కాస్తూ ఉండేది.' ఇందులో బొమ్మ చెప్పలేనిది ఏముంది? ఆమె పేరొక్కటే. చెరువు బొమ్మలో ఉంటుంది, మర్రిచెట్టు ఉంటుంది, మేకలు ఉంటాయి, ఎనిమిదేళ్లు అని కూడా కనిపిస్తుంది. అందుకని మాటలు ఇలా ఉండొచ్చు: 'దబ్! మల్లి వెనక ఏదో పడింది.' అంతే. పేజీ తిప్పాలి. మిగతాదంతా చిత్రకారుడికి ఇవ్వండి. మాట చెప్పిందే బొమ్మ, బొమ్మ చెప్పిందే మాట చెబుతుంటే పుస్తకం సగమే వాడుకున్నట్టు.

చిత్రకారుల గురించి ఒక మాట. అట్ట మీద వాళ్ల పేరు రచయిత పేరంత సైజులో ఉండాలి. రాయల్టీలో వాటా ఉండాలి. బొమ్మకు ఇంత అని చేతిలో పెట్టి పంపేస్తే, వాళ్లు పుస్తకం గురించి ఆలోచించరు, బొమ్మ గురించి ఆలోచిస్తారు. తప్పు వాళ్లది కాదు.

అచ్చు విషయాలు త్వరగా చెప్పేస్తాను. తెలుగు లైనుకు పైన గుళ్లు ఉంటాయి, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే లైను ఎడం మనకు సరిపోదు. పై లైను ఒత్తు కింది లైను గుడిని తాకుతుంటే, చదవడం నేర్చుకునే పిల్ల ఏ గుర్తు ఏ అక్షరానిదో తేల్చుకోలేదు. ఎడం ఎక్కువ ఇమ్మని డీటీపీ చేసేవాళ్లను అడగండి. లైను చివర మాటను విరగ్గొట్టొద్దని అడగండి. పత్రికల్లో అలవాటుగా మాట మధ్యలో విరిచి కింది లైనులోకి తీసుకెళ్తారు. పెద్దవాళ్లం సర్దుకుంటాం, పిల్లలు సర్దుకోలేరు. ఇంకొకటి, మీ కథను, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లో దాచుకోండి. ప్రెస్సులో 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లలో పేజీలు పెట్టుకున్నా సరే, తుది ప్రతి యూనికోడ్‌లో మీ దగ్గర ఉండాలి. రేపు ఈ-బుక్ చేయాలన్నా, చూపులేని పిల్లలకు కంప్యూటర్ చదివి వినిపించాలన్నా అదే పనికొస్తుంది. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన ఉచిత ఫాంట్లు మండలి, రామభద్ర, గిడుగు, ఎన్టీఆర్ లాంటివి ఉన్నాయి. ఖర్చు లేదు.

రంగుల అచ్చుకు రంగుకొకటి చొప్పున, నలుపుతో కలిపి, నాలుగు ప్లేట్లు కావాలి. వెయ్యి కాపీలు వేసినా, మూడు వేలు వేసినా ప్లేట్ల ఖర్చు అదే. అందుకే తక్కువ కాపీలు వేస్తే ఒక్కో పుస్తకం ధర పెరిగిపోతుంది. దీనికి ఒక ఉపాయం ఉంది. అక్షరాలన్నీ నల్ల ప్లేటులోనే ఉంచితే, వేరే భాషలో వేసేటప్పుడు ఆ ఒక్క ప్లేటు మారిస్తే చాలు. నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నై తూలిక లాంటి సంస్థలు ఒకే బొమ్మలతో చాలా భాషల్లో పుస్తకాలు వేస్తాయి. మన పెద్దవాళ్లు చదివిన, సోవియట్ కాలంలో మాస్కో నుంచి వచ్చిన పుస్తకాలు కూడా అంతే, ఒకే బొమ్మలు, ఎన్నో భాషలు. మన పుస్తకం తెలుగుతో పాటు గోండిలో, కోయలో, సవరలో రావాలంటే ఇది దారి. ఆ పిల్లలు మన రాష్ట్రాల పిల్లలే కదా, వాళ్ల ఇంటి భాషలో రంగుల పుస్తకం ఎందుకు ఉండకూడదు? రంగు బొమ్మ మీద తెల్ల అక్షరాలు పెడితే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది, అన్ని ప్లేట్లూ మళ్లీ చేయాలి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) గురించి ఎవరికీ డబ్బులు ఇవ్వకండి. ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయొచ్చు. పుస్తకం రాగానే కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో కాపీ నెల రోజుల్లో పంపాలి. 1954 నాటి చట్టం అది. మన చిన్న ప్రచురణకర్తలు చాలామందికి తెలియదు. పంపకపోతే ఆ పుస్తకం వచ్చినట్టు యాభై ఏళ్ల తర్వాత ఎవరికీ తెలియదు.

ఒప్పందం గురించి. నోటిమాటగా 'మీరే వేసుకోండి సార్' అనేయకండి. కాగితం రాసుకోండి. మన కాపీరైటు చట్టం ప్రకారం హక్కులు ఇవ్వడం అంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లు అని చట్టం భావిస్తుంది. ఏ భాషకు, ఏ రూపానికి, ఎంతకాలానికి అని స్పష్టంగా రాయించుకోండి. క్రియేటివ్ కామన్స్ కింద, అంటే ఇతరులు వాడుకునేందుకు ముందే అనుమతించే లైసెన్సు కింద ఇస్తున్నట్టయితే, ఆ లైసెన్సు రకాన్ని బట్టి ఎవరైనా అనువాదం చేసుకోవచ్చని, అచ్చు వేసుకోవచ్చని తెలిసే ఇవ్వండి. స్టోరీవీవర్‌లో పెట్టిన కథ మీరు చూడని ఊళ్లలో, మీకు రాని భాషల్లో చదువుతారు. అది నచ్చితే మంచి దారి.

చివరిగా, నాకు అన్నింటికంటే బాధగా ఉన్న విషయం. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు. చిన్నపిల్లలకు ఇప్పుడు పుస్తకాలు పెరిగాయి. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు వేస్తున్నారు, ప్రథమ్ వేస్తోంది, తూలిక వేస్తోంది. ఏడో తరగతి పిల్లకు తెలుగులో ఏం ఇవ్వాలి? హైదరాబాద్ డిసెంబరు బుక్ ఫెయిర్‌లో, విజయవాడ జనవరి పుస్తక మహోత్సవంలో తల్లిదండ్రులు వచ్చి అడుగుతారు. 'మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఇంగ్లీషులో లావు నవలలు చదివేస్తుంది, తెలుగులో ఏదైనా చెప్పండి' అని. చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఇస్తే ఆ అమ్మాయికి అవమానంగా ఉంటుంది. పెద్దల నవల ఇస్తే చదవలేదు. ఇంగ్లీషు మీడియంలో చదువుతోంది కాబట్టి తెలుగు మెల్లగా చదువుతుంది. అమెరికాలో ఆదివారం తెలుగు బడికి వెళ్లే పిల్లలదీ ఇదే పరిస్థితి. ఆలోచన పన్నెండేళ్లది, తెలుగు చదివే వేగం మూడో తరగతిది.

వాళ్ల కోసం మనం రాయాలి. చిన్న వాక్యాలు, పొట్టి అధ్యాయాలు, కానీ విషయం పన్నెండేళ్లది. స్నేహితురాలు మాట్లాడటం మానేయడం. నాన్న ఉద్యోగం పోవడం. హాస్టల్‌లో మొదటి వారం. పీరియడ్స్. క్రికెట్ టీంలోకి తీసుకోకపోవడం. పరీక్షల టెన్షన్. వీటి గురించి ఆ పిల్లలు ఎవరితో మాట్లాడుతున్నారు? తేలిగ్గా చదవగలిగే తెలుగులో ఇవి ఎందుకు లేవు? యాభై, అరవై పేజీల చిన్న నవల చాలు. అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా, 'మంచి పుస్తకం' కలిసి పిల్లల నవలలకు పోటీలు పెట్టడం వల్ల కొన్ని వచ్చాయి. కొన్ని అంటే కొన్నే. ఈ హాల్లో ఉన్న హైస్కూలు టీచర్లకు ఆ పిల్లల సంగతులు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. మీరు రాయకపోతే ఎవరు రాస్తారు?

టీ వచ్చినట్టుంది. టీ తర్వాత అందరూ మీ రాతప్రతి ఒకటి తీసుకుని కూర్చోండి. బల్లల మీద తెల్ల కాగితాలు పెట్టాం. నాలుగు కాగితాలు తీసుకుని మధ్యకు మడిచి పిన్ కొడితే పదహారు పేజీలు వస్తాయి. మీ కథను అందులో పెన్సిలుతో పరచండి, బొమ్మ ఉండేచోట ఒక డబ్బా గీసి ఏం కనిపించాలో రాయండి. ఆరు మలుపులు ఎక్కడ పడ్డాయో చూసుకోండి. నవల రాసేవాళ్లు మొదటి అధ్యాయం చాలు, పక్కవాళ్లకు గట్టిగా చదివి వినిపించండి, వినేవాళ్లు ఎక్కడ పక్కకు చూశారో గీత పెట్టుకోండి. నేను ఒక్కొక్క బల్ల దగ్గరకూ వస్తాను.